షెర్లాక్ హోమ్స్ కథల్లో అవాల్మీకాలు

అందరికీ నమస్కారం.

రామాయణం చెప్పుకునేటప్పుడు మన పెద్దలు ఒక మాట వాడేవారు: అవాల్మీకం. లక్ష్మణరేఖ అవాల్మీకం. శబరి పళ్ళు కొరికి చూసి, తియ్యనివి ఏరి రాముడికి పెట్టడం అవాల్మీకం. ఇది వాల్మీకి రాయలేదు అన్నంతవరకే ఆ మాట చెబుతుంది. అబద్ధమనీ, పనికిరాదనీ చెప్పదు. ఊర్మిళాదేవి నిద్ర పాట పాడుకున్న ఆడవాళ్ళు మూలంలో ఉందో లేదో చూసుకుని పాడలేదు. నమ్మకంతో చదివే గ్రంథాన్నీ సరదాకి చదివే కథనీ ఒకే గాటన కట్టాలని నాకు లేదు. కానీ ఇవాళ నేను మాట్లాడబోయే సంగతికి ఇంతకంటే తగిన మాట దొరకలేదు కాబట్టి దాన్ని అప్పు తీసుకుంటున్నాను.

ఒక రచయిత కల్పించిన లోకంలో ఏది అసలు, ఏది కొసరు? అది ఎవరు తేల్చాలి? అభిమానులు రాసుకునే కథలకు అక్కడ చోటు ఉందా? ఈ ప్రశ్నల్ని నాకు బాగా తెలిసిన, ఆర్థర్ కోనన్ డాయిల్ రాసిన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథల దగ్గరే ఉంచి మాట్లాడతాను.

అసలైనవిగా ఒప్పుకున్న రచనల జాబితాను ఇంగ్లీషువాళ్ళు కానన్ అంటారు. అది చర్చి నుంచి వచ్చిన మాట. బైబిల్లో ఏ గ్రంథాలు చేరతాయి, ఏవి చేరవు అని పెద్దలు నిర్ణయించిన పట్టిక అది. 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు హోమ్స్ కథల మీద ఒక వ్యాసం చదివాడు. బైబిల్ పండితులు ఒక్కో వాక్యాన్ని పట్టుకుని ఇది ఎవరి చెయ్యి, ఇది తర్వాత చేర్చిందా అని తవ్వినట్టే ఆయన హోమ్స్ కథల్ని తవ్వాడు. హోమ్స్ జలపాతంలో పడి చనిపోయాడనిపించేదాకా వచ్చిన కథలు ఒకరివి, బతికి తిరిగొచ్చాక కథలు మరొకరివి అని వాదించే పండితుల్ని ఊహించి మరీ వాళ్ళతో తగువు పెట్టుకున్నాడు. అదంతా సరదాకే. అయినా ఆ పద్ధతి నిలిచిపోయింది. తన కథల మీద ఇంత శ్రమపడే మనిషి ఉన్నాడా అని ఆర్థర్ కోనన్ డాయిల్ ఆశ్చర్యపోతూ నాక్స్‌కు ఉత్తరం రాశాడు.

హోమ్స్ అభిమానులు ఒప్పుకున్న పట్టిక ప్రకారం అసలు కథలు అరవై. నాలుగు నవలలు, 56 కథలు. మొదటిది 1887లో, చివరిది 1927లో వచ్చాయి.

డాయిల్ రాసినవన్నీ ఇందులో ఉన్నాయా? లేవు. 1896లో ఎడింబరో విశ్వవిద్యాలయ విద్యార్థుల పత్రికకు, క్రికెట్ మైదానం విరాళాల కోసం, ఆయన హోమ్స్, అతని స్నేహితుడు డాక్టర్ వాట్సన్ ఉదయం ఫలహారం చేస్తూ మాట్లాడుకునే చిన్న కథ ఒకటి రాశాడు. ఇంగ్లండ్ రాణి మేరీకి బహూకరించిన బొమ్మరిల్లులో, ఆ ఇంటి గ్రంథాలయం కోసం బొటనవేలంత పుస్తకంలో ఇంకొకటి రాసిచ్చాడు. రెండిటిలోనూ ఉన్నది హోమ్సే, రాసింది డాయిలే. అయినా అభిమానులు వాటిని అరవైలో కలుపుకోలేదు. రచయితే రాశాడన్నది ఒక్కటే సరిపోదన్నమాట.

రచయిత పేరు మనల్ని మోసం చేయగలదు కూడా. డాయిల్ పోయిన చాలా ఏళ్ళకు ఆయన కాగితాల్లో ఒక హోమ్స్ కథ దొరికింది. 1948లో అమెరికాలోని ఒక పెద్ద పత్రిక దాన్ని డాయిల్ పేరు మీదే అచ్చువేసింది. తీరా చూస్తే అది రాసినవాడు ఆర్థర్ విటేకర్ అనే ఆర్కిటెక్టు. కలిసి రాద్దామని డాయిల్‌కు పంపితే, ఆయన ఒప్పుకోక, ఇతివృత్తం ఎప్పుడైనా పనికొస్తుందని పది గినీలిచ్చి కొనుక్కుని పక్కన పడేశాడు. విటేకర్ మోసగాడు కాడు. తన పేరుతోనే పంపాడు. వారసులూ పత్రికవాళ్ళూ పొరబడ్డారు. ఒక అభిమాని రాసిన కథ కొన్నాళ్ళపాటు అసలు కథగా చలామణీ అయింది. నిజం తెలిశాక అందులో ఒక్క అక్షరమూ మారలేదు, పైనున్న పేరు మాత్రం మారింది. ఎవరు రాశారన్నది ఒక ప్రశ్న, ఎలా రాశారన్నది వేరే ప్రశ్న అని నాకు తెలియజెప్పింది ఈ ఉదంతమే.

ఇంకొక తమాషా ఉంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని హోమ్స్‌ని తలుచుకోండి. చెవులు కప్పే టోపీ, వంకర పైపు. ఆ టోపీకి మనందరం వాడే డీర్‌స్టాకర్ అన్న పేరు అరవై కథల్లో ఎక్కడా లేదు. ఆ టోపీని మన కళ్ళకు కట్టినవాడు హోమ్స్ కథలు అచ్చయిన స్ట్రాండ్ పత్రికకు బొమ్మలు వేసిన సిడ్నీ పాజెట్. వంకర పైపు రంగస్థలం మీద హోమ్స్ వేషం కట్టిన విలియం జిలెట్ చలవ. ఆ నాటకంలో హోమ్స్‌కి పెళ్ళి చెయ్యొచ్చా అని జిలెట్ అడిగితే, పెళ్ళి చేసుకో, చంపుకో, నీ ఇష్టం అన్న అర్థంలో డాయిల్ జవాబిచ్చాడు. సృష్టికర్తే అంత ధారాళంగా ఉన్నాడు. పట్టింపంతా పాఠకులది.

ఆ పట్టింపుని నేను తక్కువచేసి మాట్లాడను. మొదటి నవలలో డాక్టర్ వాట్సన్‌కు యుద్ధంలో తూటా తగిలింది భుజానికి. రెండో నవలకు వచ్చేసరికి గాయం కాలికి దిగింది. ఆయన పేరు జాన్ హెచ్. వాట్సన్. మరి 1891లో వచ్చిన ఒక కథలో సొంత భార్యే ఆయన్ని జేమ్స్ అని పిలుస్తుంది! డాయిల్ హడావిడిలో మరిచిపోయాడని మనకు తెలుసు. కానీ ఆ జవాబుతో ఆట అయిపోతుంది. డిటెక్టివ్ నవలలు రాసిన డొరొతీ సేయర్స్ వేరే దారి వెతికింది. జాన్ తర్వాత ఉన్న హెచ్ అంటే హేమిష్ అయ్యుండాలి అంది. జేమ్స్‌కు స్కాట్లండ్ రూపం హేమిష్. ఆ ఇల్లాలు భర్తను మధ్య పేరుతో ముద్దుగా పిలుచుకుందన్నమాట! ఈ ఆటను లార్డ్స్ మైదానంలో క్రికెట్ మ్యాచంత శ్రద్ధగా ఆడాలని కూడా ఆమే చెప్పింది. మైదానానికి గీత లేకపోతే మ్యాచ్ ఎలా ఆడతాం? నా దృష్టిలో కానన్ అంటే ఆ గీత. నువ్వూ నేనూ ఒకే అరవై కథలు చదివామన్న ఒప్పందం ఉంటేనే వాట్సన్ మధ్య పేరు మీద రాత్రంతా వాదించుకోగలం.

ఈ గీతను యజమానే గీసే లోకాలూ ఉన్నాయి. స్టార్ వార్స్ సినిమాల సంగతి చూడండి. దశాబ్దాలపాటు అనుమతితో వెలువడిన నవలలూ కామిక్సూ 2014 ఏప్రిల్ 25న ఒక్క ప్రకటనతో లెక్కలోంచి పోయాయి. ఆ సినిమాలు తీసే, అప్పటికి డిస్నీ చేతికి వచ్చిన లూకాస్‌ఫిల్మ్ కంపెనీ వాటికి లెజెండ్స్ అని పేరు పెట్టి పక్కన ఉంచింది. ఇరవై ఏళ్ళు ఆ పాత్రలతో బతికినవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. రాబోయే సినిమాలకు దారి చేసుకోవడం కంపెనీ అవసరం, ఆ హక్కూ దానికుంది. కానీ చదివినవాళ్ళ మనసులోంచి చెరిపే హక్కు ఎవరికీ లేదు. 1991 నాటి నవలలో పుట్టిన థ్రాన్ అనే సేనాని ఆ ప్రకటన తర్వాత కొద్ది ఏళ్ళకే అధికారిక కథలోకి తిరిగి వచ్చాడు.

హోమ్స్‌కు అలాంటి యజమాని చెల్లలేదు. 2011లో డాయిల్ వారసుల సంస్థే అనుమతిచ్చి ఆంథొనీ హొరోవిట్జ్ చేత కొత్త నవల రాయించింది. మంచి నవల. అయినా అరవై అరవైఒకటి కాలేదు. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో కూడా చివరి కథలతో సహా అన్నిటికీ కాపీరైటు తీరిపోయింది. ఇప్పుడు హోమ్స్ మీద ఎవరైనా రాయొచ్చు. రాయొచ్చా అన్నది చట్టం తేలుస్తుంది. అరవైలో చేరుతుందా అన్నది చట్టం చేతిలో లేదు.

ఇదంతా ఇవాళ ఎందుకు ఎత్తుకున్నానంటే, మా మేనకోడలు మొన్న నా దగ్గరికి తను రాసిన హోమ్స్ కథ ఉన్న ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చింది. దానికి పద్నాలుగేళ్ళు. ఎవరో దాని కథ చదివి, ఇది అసలు కథ కాదుగా అన్నారట. "మావయ్యా, నేను రాసింది లెక్కలోకి రాదా?" అని అడిగింది.

హోమ్స్ జలపాతం నుంచి తిరిగొచ్చిన కథ మీకు గుర్తుండే ఉంటుంది. శత్రువును ఏమార్చడానికి కిటికీ దగ్గర హోమ్స్ మైనపు బొమ్మను పెడతారు. ఇంటి యజమానురాలు మిసెస్ హడ్సన్ తన నీడ కనబడకుండా మోకాళ్ళ మీద వెళ్ళి, పావుగంటకొకసారి ఆ బొమ్మను కదుపుతుంది. రెండు గంటల్లో ఎనిమిది సార్లు. ఎదురింటి చీకట్లోంచి తూటా వచ్చి బొమ్మ తలలోంచి దూసుకుపోతుంది. ఆవిడ తివాచీ మీద పడ్డ తూటాను ఏరి హోమ్స్ చేతికిస్తుంది. పాపం, బొమ్మ పాడైపోయిందని నొచ్చుకుంటుంది. ఆ కథలో ఆవిడకు డాయిల్ ఇచ్చింది ఆ నాలుగు మాటలే. ఆవిడ భర్త ఎవరో, ఆ రెండు గంటలూ ఆవిడ ఏమనుకుందో అరవై కథల్లోనూ లేదు.

మా మేనకోడలు రాసింది ఆ రెండు గంటల గురించే. పద్నాలుగేళ్ళ నిద్రలో ఊర్మిళ ఎలా ఉందోనని పాట కట్టినవాళ్ళు నాకు గుర్తొచ్చారు. ఇది అరవైలో చేరదమ్మా, చేరాల్సిన పని కూడా లేదు అని చెప్పాను. అట్ట మీద తన పేరే రాసుకోమన్నాను, రాసుకుంది. తన అనుమతితో మొదటి పేజీ ఇప్పుడు మీకు చదివి వినిపిస్తాను.