గాయపడిన గిత్త ఎందుకు కుంటదు?

శ్రోతలకు నమస్కారం.

చంద్రగిరి దగ్గర రంగంపేటలో పశువుల పండగ చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. కొమ్ములకు పలకలు కట్టిన కోడెగిత్తలు జనం మధ్య నుంచి దూసుకొస్తాయి, పలక కోసం కుర్రాళ్లు ఎగబడతారు. మోకాలు చీరుకుపోయినా ఆ నిమిషంలో తెలియదు. ఇంటికొచ్చి నీళ్లు పోసుకున్నప్పుడు చురుక్కుమంటుంది. గిత్త కూడా గాయంతోనే కుంటకుండా ఊరు దాటేస్తుంది. మొండి పశువు అంటాం. మొండితనం కాదండీ, దాని మెదడే నొప్పిని ఆపింది. నడక బాగుందని వదిలేయకుండా, పశువు నెమ్మదించాక కాళ్లు తడిమి చూడమనేది అందుకే.

గాయం కబురును నాడులు ముందు వెన్నుపాముకు చేరుస్తాయి. అక్కడ చెరువు తూములాంటి ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని తెరిచేదీ మూసేదీ మెదడే. భయం పుట్టగానే అమిగ్డలా, హైపోథాలమస్ అనే భాగాలు నడిమెదడును హెచ్చరిస్తాయి. అక్కడ ఒక సన్నని కాలువ చుట్టూ ఉండే బూడిదరంగు కణజాలం నుంచి, మెదడు కాండం మీదుగా ఆజ్ఞ కిందికి దిగుతుంది. తూము మూసుకుంటుంది. 1969లో డేవిడ్ రేనాల్డ్స్ అనే పరిశోధకుడు ఎలుకల మెదడులో సరిగ్గా ఈ చోటికే విద్యుత్తు పంపి, మత్తుమందు లేకుండా పొట్టకు ఆపరేషన్ చేశాడు. వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. కానీ నొప్పిని అణిచే శక్తి మెదడులోనే ఉందని ఆ ప్రయోగం తేల్చింది.

మరి మందు ఏది? 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పంది మెదడు నుంచి ఎన్‌కెఫలిన్లు అనే రసాయనాలను వెలికితీశారు. నల్లమందులోని మార్ఫిన్ నాడీకణాల మీద ఏ గ్రాహకాలకు అతుక్కుంటుందో ఇవీ వాటికే అతుక్కుంటాయి.

అంతా ఈ సొంత నల్లమందు మహిమే అనుకోవడానికి మాత్రం వీల్లేదు. 1980లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు ఎలుకల పాదాలకు రెండు రకాలుగా షాక్ ఇచ్చి చూశారు. విడతలు విడతలుగా 30 నిమిషాలు ఇచ్చినప్పుడు కలిగిన ఉపశమనాన్ని మార్ఫిన్ విరుగుడు అడ్డుకుంది. ఏకధాటిగా 3 నిమిషాలు ఇచ్చినప్పుడు ఆ విరుగుడు పనిచేయలేదు. ఈ రెండో రకంలో శరీరమే తయారుచేసుకునే గంజాయి తరహా రసాయనాల పాత్ర 2005లో బయటపడింది.

ఇదంతా ప్రాణం దక్కించుకునేంత సేపే. ఒత్తిడి వారాల తరబడి సాగితే వ్యవహారం తిరగబడుతుంది. రోజూ కదలనీయకుండా బంధించిన ఎలుకలు, కొద్దిపాటి వేడికే తోకను మామూలు ఎలుకల కన్నా త్వరగా లాక్కుంటాయి.