పురుగు ముట్టిందంటే ముందు బండి ఎక్కించండి

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న సర్పంచ్ గారికి, హెడ్మాస్టారు గారికి, ఈ గ్రంథాలయాన్ని కంటికి రెప్పలా కాచుకుంటున్న లైబ్రేరియన్ గారికి, కోతల పని పెట్టుకుని కూడా వచ్చిన అన్నదమ్ములకు, గుమ్మం దగ్గరే ఆగిపోయిన అక్కచెల్లెళ్ళకు (లోపలికి రండమ్మా, ముందు చాపలన్నీ ఖాళీగానే ఉన్నాయి), పిల్లలకు, అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘ప్రథమ చికిత్స - ఇంటింటి అవసరం’. లైబ్రేరియన్ గారు అరగంట టైమిచ్చారు. కాలిన గాయాలు, ఫిట్స్, కరెంటు షాకు, పాముకాటు అని వరసగా రాసుకొచ్చాను. మొదటివి గబగబా చెప్పేస్తాను.

నూనె పడ్డా, గంజి పడ్డా కాలినచోట కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు నీళ్ళు పోనివ్వండి. చల్లనీళ్ళు చాలు, ఐసు వద్దు. పేస్టు, సిరా, పసుపు ఏదీ పుయ్యొద్దు. రేపు డాక్టరు వాటిని గీకి తియ్యాలి, ఆ బాధ పిల్లాడు పడాలి. ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో తాళాలగుత్తి పెడతారు, ఆ పని వద్దు. పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, టైము చూడండి, 5 నిమిషాలు దాటితే 108కి చెయ్యండి. కరెంటు పట్టుకుంటే ముందు మెయిన్ ఆపాలి, మనిషిని ముట్టుకోకూడదు. మోటారు షెడ్డు దగ్గర ఒకర్ని లాగబోయి ఇద్దరు పోయిన ఇళ్ళు నాకు తెలుసు.

ఇక పాము. ఈ కాగితం పక్కన పెట్టేస్తాను. దీనికి నాకు కాగితం అక్కర్లేదు.

మన ఊళ్ళో పాము కరిచిందని నోటితో అనం. పురుగు ముట్టింది అంటాం. రాత్రిపూట అయితే ఆ మాట కూడా మెల్లిగా అంటాం. 1975 శ్రావణమాసంలో మా ఇంట్లో ఆ మాట అనేవాళ్ళే లేకపోయారు. ఎందుకంటే పురుగు ముట్టిన సంగతే మాకు తెలీలేదు.

నేను పదో తరగతి. మా చిన్నోడికి తొమ్మిదేళ్ళు. వాన పడుతోందని అందరం వసారాలో కింద చాపలేసుకుని పడుకున్నాం. నాకూ గోడకీ మధ్య వాడు. గోడవారగా వడ్ల బస్తాలు. తెల్లవారుజామున ‘అక్కా, కడుపునొప్పి’ అని లేపాడు. అమ్మ వాము నమలమంది. ఒకసారి వాంతి చేసుకున్నాడు. నాయనమ్మ దిష్టి తీసింది. తెల్లారాక పాలు తాగమంటే గొంతు దిగట్లేదన్నాడు. మాట ముద్దగా వచ్చింది. కళ్ళు తెరవమంటే రెప్పలు సగం దాకా లేచి మళ్ళీ వాలిపోతున్నాయి. తల వెనక్కి వంచి, ఆ సందులోంచి నన్ను చూశాడు. నేనేమన్నానో తెలుసా? ‘నిద్ర చాల్లేదురా, ఇంకాసేపు పడుకో’ అన్నాను. నేనే దుప్పటి కప్పాను.

పది గంటలకి ఊపిరి ఆగిపోయింది. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు, వాపు లేదు. ఊరంతా గాలి సోకిందన్నారు.

పదేళ్ళ తర్వాత, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, శిక్షణ క్లాసులో ఒక డాక్టరుగారు కట్లపాము గురించి చెప్పారు. నల్లగా నిగనిగలాడుతూ సన్నటి తెల్లకట్లు ఉంటాయి. రాత్రిపూటే తిరుగుతుంది. ఎలకల కోసం, బల్లుల కోసం ఇంట్లోకొస్తుంది. కోరలు చిన్నవి, కరిస్తే చీమ కుట్టినట్టు కూడా అనిపించకపోవచ్చు, గాటు కనపడకపోవచ్చు. కింద పడుకున్నవాళ్ళకి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతునొప్పి, తర్వాత రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఆఖరికి ఊపిరి ఆడకపోవడం. ఆయన బోర్డు మీద ఒక్కొక్కటే రాస్తుంటే నేను బల్ల పట్టుకుని కూర్చున్నాను. మా చిన్నోడు ఆ పొద్దున ఒక్కొక్కటే చెప్పిన వరస అదే.

నాకిచ్చిన అరగంటలో మీరు ఏం మర్చిపోయినా ఫర్వాలేదు, ఇది మర్చిపోకండి. కింద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పని లేచి, రెప్పలు బరువుగా వాలుతుంటే అది నిద్రమత్తు అనుకోవద్దు. పాము కనపడలేదు కదా అనొద్దు. గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. బండి తియ్యండి.

నాగుపాము, రక్తపింజర అలాక్కాదు. వాటి కాటుకి నొప్పి, వాపు ఉంటాయి. నాగుపాము కరిస్తే కూడా రెప్పలు వాలతాయి. రక్తపింజర అయితే చిగుళ్ళలోంచి, మూత్రంలో రక్తం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఏ పామైనా ఇంటిదగ్గర మీరు చెయ్యాల్సింది ఒకటే. మనిషిని నడిపించొద్దు, పరిగెత్తనివ్వొద్దు. కరిచిన కాలినో చేతినో బద్ద పెట్టి, విరిగిన ఎముకకి కట్టినట్టు కదలకుండా వదులుగా కట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కాలిపట్టీలు వెంటనే తీసెయ్యండి. వాపొచ్చాక మెట్టె దిగదు, వేలు నల్లబడుతుంది. మత్తుగా ఉన్నా, వాంతులవుతున్నా ఎడమపక్కకి ఒత్తిగిలించండి.

తాడు మాత్రం కట్టొద్దు. ఇది నేను 34 ఏళ్ళు చెప్పాను, ఇంకా చెప్తాను. చీర అంచు, సైకిల్ ట్యూబు, జనపనార తాడు, అన్నీ చూశాను. తాడు విషాన్ని ఆపదు, రక్తాన్ని ఆపుతుంది. ప్రాణం దక్కి కాలు పోయిన రైతులున్నారు. ఎవరైనా అప్పటికే కట్టేసి ఉంటే దారిలో పుటుక్కున కొయ్యకండి. ఆస్పత్రిలో మందు సిద్ధంగా పెట్టుకుని డాక్టరుగారే విప్పుతారు. బ్లేడుతో గాట్లు వద్దు, నోటితో పీల్చడం వద్దు. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా, మిరపకాయ కొరికించి కారం తెలుస్తోందా అని చూడటం కూడా వద్దు. మింగలేని మనిషి నోట్లో ఏం పెట్టినా ఊపిరికి అడ్డం పడుతుంది.

పామును చంపి సంచిలో తేవాల్సిన పని కూడా లేదు. మన ప్రభుత్వాస్పత్రుల్లో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసిందే. విషం రక్తంలో పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి 2 మిల్లీలీటర్ల రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. వంచి చూస్తే గడ్డకట్టకుండా నీళ్ళలా జారిందా, మందు మొదలు. కట్లపాముకి ఈ పరీక్ష పనికిరాదు, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. అక్కడ రెప్పలే చూడాలి. పిల్లాడికైనా పెద్దవాడికైనా మందు మోతాదు ఒకటే, మొదట 10 వయల్స్ (చిన్న మందుసీసాలు) దాకా ఎక్కిస్తారు. పసివాడికి అంత మందా అని తల్లులు ఏడుస్తారు. పాము పసివాడని తక్కువ విషం పోయదమ్మా.

ఆ మందు ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పాలి. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుల గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. తాతముత్తాతల నుంచి పాములు పట్టిన చేతులవి. పామును పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకెక్కించి, వాటి రక్తంలోంచి మందు చేస్తారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన ఊళ్ళో మంత్రం వేసే బాబాయిగారు అదిగో మూడో వరసలో కూర్చున్నారు. బాబాయ్ గారూ, మీరంటే నాకు గౌరవం. మొన్న నాగులచవితికి నేనూ పుట్టలో పాలు పోశాను. 2018లో దివిసీమలో పాముకాట్లు పెరిగితే మోపిదేవిలో హోమం కూడా చేశారు. భయమేసినప్పుడు దేవుడు గుర్తొస్తాడు, తప్పు లేదు. కానీ అర్ధరాత్రి పురుగు ముట్టిందని జనం ముందు కొట్టేది మీ తలుపే, నా తలుపు కాదు. విషంలేని పాము కరిచినవాళ్ళు మీ దగ్గర లేచి కూర్చుంటారు, ఆ నమ్మకంతో కట్లపాము కరిచినవాడినీ మీ అరుగు మీదే పడుకోబెడతారు. మీరు మంత్రం మానొద్దు. ఆటోలో అతని పక్కన కూర్చుని చదవండి. మీరు ‘బండెక్కించండి’ అంటే ఈ ఊరు వింటుంది. నేను చెప్తే సగం మందే వింటారు.

మీరు తల ఊపారు. చాలా సంతోషం బాబాయ్ గారూ.

మా ఆస్పత్రుల వాళ్ళ మీద కూడా నాకు కోపం ఉంది. ఒకచోట, పేరెందుకు, రక్తపింజర కరిచిన కూలీని మందు ఫ్రిజ్‌లో ఉండగానే ‘పెద్దాస్పత్రికి పట్టుకుపొండి’ అని పంపేశారు. రియాక్షన్ వస్తుందని భయం. ఆ మనిషి దారిలోనే పోయాడు. రియాక్షన్ వస్తుంది, నిజమే, దానికి ఇంజెక్షన్లున్నాయి. మీరు అడగండి. ‘మొదటి డోసు వేసి పంపండి’ అని గట్టిగా అడగండి. అది గొడవ చెయ్యడం కాదు.

కట్లపాము విషానికి ఒక్కోసారి మందిచ్చినా ఊపిరి వెంటనే రాదు. అలాంటప్పుడు మనం ఊపిరి ఇవ్వాలి. ఒకసారి పన్నెండేళ్ళ పిల్లను పెద్దాస్పత్రికి తీసుకెళ్తూ అంబులెన్స్‌లో అంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కి ఊపిరందించే సంచి, నొక్కుతూ కూర్చున్నాను. లోపల ‘ఒకటి, రెండు, మూడు’ అనుకుంటూ ఒక నొక్కు, మళ్ళీ లెక్క. గంటన్నర. రెప్పలు మూతపడే ఉన్నాయి, చెయ్యి కదలదు. వాళ్ళమ్మ అయిపోయిందని శోకాలు పెడుతోంది. ఆ స్థితిలో పిల్లకి మన మాటలు వినపడుతూనే ఉండొచ్చు. అందుకే నేను దాని చెవి దగ్గర మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో తర్వాత గుర్తు చేసుకుంటే, సగం మాటలు మా చిన్నోడికి చెప్పాల్సినవి. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి ఆ పిల్ల నడిచి ఇంటికెళ్ళింది.

మన దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని పరిశోధకుల అంచనా. దాదాపు సగం జూన్-సెప్టెంబరు మధ్యలోనే. మనకి కోతలప్పుడు కూడా భయమే, పనలు ఎత్తేటప్పుడు చేతికి తగులుతుంది. చేత్తో కాకుండా కర్రతో కదిపి ఎత్తండి. రాత్రి మోటారు వెయ్యడానికి వెళ్ళేవాళ్ళు టార్చిలైటు, బూట్లు లేకుండా గట్టు దిగొద్దు. మంచం ఉంటే మంచం మీద పడుకోండి. కిందే పడుకోవాలంటే దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపండి. వడ్ల బస్తాల పక్కన పిల్లల్ని పడుకోబెట్టకండి. అమ్మా, ఎర్రచీర కట్టుకున్నావిడా, నవ్వుతున్నావు, మీ ఇంట్లో బస్తాలు ఎక్కడున్నాయో నిన్న చూశాను. ఇవాళే జరపండి.

అరగంట ఎప్పుడో దాటింది, లైబ్రేరియన్ గారు గడియారం చూస్తున్నారు. ఒక్క పని చేసి దిగిపోతాను. 108కి ముందు చెయ్యాల్సిందే, కానీ అది మండలం అవతల ఉంటే ఎదురుచూస్తూ కూర్చోకూడదు. మన ఊళ్ళో ఆటోలున్నాయి, రెండు కార్లున్నాయి. అర్ధరాత్రి పిలిస్తే లేచి వచ్చేవాళ్ళు ఎవరో నాకు కావాలి. పేరు, ఫోన్ నంబరు ఈ గోడమీది నల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచుదాం. ఎండాకాలం వెలిసిపోతే మళ్ళీ నేనే వచ్చి దిద్దుతాను.

బాబూ, ఆ సుద్దముక్క ఇటివ్వు. వెనకాల చెయ్యెత్తిందెవరు? నీలం ఆటో అబ్బాయా? చెప్పు నాయనా, నంబరు చెప్పు.