తుప్పు చూసి ఉలిని వదిలేయకండి

నమస్తే అండి. పోయిన ఆదివారం పొద్దున్నే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత ఇనుము కొట్టు ముందు నిలబడి ఉన్నా. నా పక్కనే ఒకతను గుట్టలోంచి ఒక ఉలి లాగాడు, అటూ ఇటూ తిప్పాడు, వేళ్లకి తుప్పు అంటింది, "ఛ, ఇది పోయింది" అని మళ్లీ గుట్టలోకి విసిరేశాడు. పక్కన గోతం పరిచి పెట్టినవాటిలో తళతళలాడుతున్న ఇంకో ఉలిని 250 ఇచ్చి కొనుక్కుని వెళ్లిపోయాడు. అతను విసిరేసింది ఇదిగో, ఇదే. (ఉలిని కెమెరా ముందు పెడుతూ) నాకు 40 రూపాయలకి ఇచ్చారు. అతను కొన్నదాని అంచు నీలంగా ఉండటం నాకు నిలబడ్డ చోటి నుంచే కనిపించింది, చెబుదామనుకునేలోపే బండెక్కేశాడు. వారం నుంచి అదే నా మనసులో తిరుగుతోంది, అందుకే ఈ వీడియో.

మన గుంటూరు వాళ్లకి దీన్ని మిర్చితో చెబితే చటుక్కున అర్థమవుతుంది. రంగు చూసి కారం చెప్పేవాళ్లు మిర్చి యార్డులో ఎవరైనా ఉన్నారా? బ్యాడిగ కాయ చూడండి, ముదురు ఎరుపు, ఒళ్లంతా ముడతలు, చూడ్డానికి ఎంత బాగుంటుందో, కానీ ఘాటు తక్కువ. తేజ సన్నగా ఉంటుంది, కొరికితే కళ్లల్లో నీళ్లు. రంగు వేరు, కారం వేరు. పనిముట్టుకి పైన కనిపించే తుప్పయినా మెరుపయినా రంగే. కారం లోపలి ఉక్కులో ఉంటుంది. మనం డబ్బులిచ్చేది కారానికి.

అలాగని తుప్పు పట్టినదల్లా కొనేయమని కాదు. మిర్చిలో తాలు కాయలుంటాయి కదా, అలాంటివి ఇందులోనూ ఉంటాయి. తుప్పు పైపొరగా ఉంటే భయం లేదు, గోకితే రాలిపోతుంది. లోపలికి తినేసి గుంటలు చేసిందా, అప్పుడు ఆలోచించాలి. అదీ ఎక్కడ అన్నదే ముఖ్యం. ఉలిని ఇలా బోర్లా తిప్పండి. చదునుగా ఉన్న ఈ వైపు, కొస నుంచి అర అంగుళం, అంగుళం మేర చూడండి. ఏటవాలు వైపు గుంటలుంటే పట్టించుకోను, సానబట్టిన ప్రతిసారీ ఆ వైపు ఎలాగూ అరిగిపోతుంది. పదును అంటే రెండు వైపులూ కలిసే గీత. చదును వైపు గుంటలుంటే, సానబడుతూ వెళ్లేకొద్దీ ఒక్కో గుంట ఆ గీత మీదికి వస్తుంది, వచ్చిన చోటల్లా అంచులో నొక్కు పడుతుంది. అదీ తాలు. చదును వైపు బాగుండి మిగతాదంతా ఎర్రగా ఉన్నా సరే, నేను కళ్లు మూసుకుని కొంటాను.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయం. దీని ఏటవాలు వైపుని రాత్రి సానరాయి మీద కొంచెం రుద్దాను. (వెలుతురు వైపు తిప్పుతూ) ఇక్కడ అడ్డంగా ఒక గీత కనిపిస్తోందా? గీతకి కొస వైపు సన్నని పట్టీ ఒక రంగు, దాని పైన ఇంకో రంగు. రెండు లోహాలండి ఇవి. ఒళ్లంతా మెత్తటి ఇనుము, కోసే చోట మాత్రం గట్టి ఉక్కు ముక్క, కొలిమిలో కాల్చి సుత్తి దెబ్బలతో అతికించారు. ఉక్కు ఖరీదు, పైగా పెళుసు. ఒళ్లంతా ఉక్కయితే దెబ్బకి విరుగుతుంది, ఒళ్లంతా ఇనుమైతే పదును నిలవదు. మన ఊళ్లలో గొడ్డలి అరిగిపోతే కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి ఉక్కు వేయించుకుని వస్తారు చూడండి, సరిగ్గా అదే పని. ఎక్కడో సముద్రాల అవతల చేసిన ఉలిలో మన కమ్మరి కొలిమి కనిపిస్తుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకోటి కూడా నన్ను బాగా ఇబ్బంది పెడుతుంది. పాత ఉలుల మీద, రంపాల మీద ఇంగ్లిష్‌లో 'కాస్ట్ స్టీల్' అని ముద్ర ఉంటుంది. అది చూసి "ఇది పోత ఇనుమన్నా, పగిలిపోతుంది, వద్దు" అంటారు. కాదు, దాదాపు దానికి వ్యతిరేకం. 1740లలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, స్ప్రింగులకి మంచి ఉక్కు దొరక్క, ఉక్కుని మట్టి మూసలో పూర్తిగా కరిగించి పోశాడు. కరగడంతో లోపలి మలినం తేలిపోయి అంతటా ఒకేలా ఉండే ఉక్కు వచ్చింది. ఆ ముద్ర చెప్పేది దాన్నే. మూసలో ఉక్కు చేయడం మనకి కొత్తేమీ కాదు, నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. యార్డులో బస్తా మీద చీటీ ఉంటుందే, ఈ ముద్ర అలాంటిది. చీటీ ఉంటే సంతోషమే, కానీ చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి చూడాల్సిందే.

ఎందుకంటే నీలం. గ్రైండర్ మీద పెట్టి అదిమితే అంచు వేడెక్కి ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత ఊదా, 300 డిగ్రీల దగ్గరకి వచ్చేసరికి నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన చోట ఉక్కు మెత్తబడిపోయినట్టే. రంగు కలిపిన కారప్పొడి అన్నమాట, చూడ్డానికి ఎర్రగానే ఉంటుంది. పోయినేడాది నేను ఒక చిత్రిక బ్లేడు ఇలాగే మెరుపు చూసి కొన్నాను. టేకు ముక్క మీద నాలుగుసార్లు తోశానో లేదో అంచు మడత పడిపోయింది, గోరుతో రాస్తే తెలుస్తోంది. అమ్మినాయనకి కూడా తెలిసి ఉండదు, కొనేవాళ్లు మెరుపే అడుగుతారు కాబట్టి ఆయన మెరిపించి పెట్టాడు. కొందరు నీలాన్ని కూడా రుద్ది తీసేస్తారు, అందుకని జేబులో చిన్న ఆకురాయి పెట్టుకుని వెళ్లండి. "బాబాయ్, ఒక్కసారి గీసి చూస్తా" అని అడిగి, కొసకి దగ్గరగా ఓ మూల మెల్లగా లాగండి. అద్దం మీద లాగినట్టు జారిపోతే గట్టి ఉక్కు. కొరుక్కుని పొడి రాలితే మెత్తది, పెట్టేసి వచ్చేయండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. తుప్పు వదలాలంటే వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టండి, పిడి మాత్రం తడవకూడదు. తీసి బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి కుట్టుమిషన్ నూనె రాయండి. వెంటనే అంటే వెంటనే, మన ఉక్కపోతకి పది నిమిషాల్లో మళ్లీ ఎర్రబడుతుంది. పిడి విరిగితే బేరానికి మంచిదే, తుమ్మ కర్రతో కొత్తది చేయించుకోవచ్చు. కొండపల్లి బొమ్మల పొనికి చెక్క తేలిగ్గా చెక్కొచ్చని దాంతో ప్రయత్నించకండి, అది బొమ్మలకే, సుత్తి దెబ్బకి ఆగదు.

రంపమైతే కంటికి ఆనించి పొడవునా చూడండి, కొంచెం వంపు సరిచేయొచ్చు, మడత పడితే వద్దు. ఇనుప చిత్రికల్లో స్టాన్లీ కంపెనీ 4 నంబరు అన్నా రికార్డ్ కంపెనీ 04 నంబరు అన్నా కొలత ఒకటే, 2 అంగుళాల బ్లేడు. దాని ఒళ్లు మాత్రం నిజంగానే పోత ఇనుము, బ్లేడు బయటికి వచ్చే సందు చుట్టూ పగులు ఉందేమో వెలుతురుకి పెట్టి చూసుకోండి. పానాల గురించి ఇంకో వీడియో చేస్తా, వాటికి చాలా టైమ్ కావాలి.

చివరగా మీ సాయం కావాలి. (ఉలి మెడ దగ్గర చూపిస్తూ) ఇక్కడ షెఫీల్డ్ అన్న మాట తెలుస్తోంది, దాని పైన చేసినవాళ్ల పేరు అరిగిపోయింది, చివర రెండు అక్షరాలే మిగిలాయి. మీ తాతల పెట్టెల్లో ఇలాంటి ముద్ర ఉన్న ఉలి ఉంటే ఫొటో తీసి పంపండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.