మిల్లు కూలిన తర్వాత, పునాది తవ్వక ముందు

శ్రోతలకు నమస్కారం.

నాగార్జునసాగర్ నీళ్లు నిలవక ముందు నల్లగొండ జిల్లా ఏలేశ్వరంలో పురావస్తు తవ్వకాలు జరిగాయి. శ్రీశైలం నీళ్లు రాకముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. పోబోయే చోటును పోకముందే చదివి పెట్టుకోవడం మన జిల్లాలకు కొత్త కాదన్నమాట. అయితే గుడికి దక్కిన ఆ గౌరవం పట్టణం నడుమ మూతబడిన నూనె మిల్లుకు దక్కడం నేను చూడలేదు.

అటువంటి గౌరవం పాత కర్మాగారాలకూ దక్కిన చోటు ఇంగ్లండులోని షెఫీల్డు; అది ఉక్కుకు పేరుపడ్డ ఊరు. అక్కడ 1740ల నుంచి మట్టి మూసల్లో, అంటే కొలిమిలో పెట్టే కుండల్లో, ఉక్కు కరిగించేవారు. మూసల్లో ఉక్కు చేయడం మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులకూ తెలిసిన విద్యే కనుక, ఈ కథ నాకు పరాయిదిగా తోచదు. మూసలకు కావలసిన మట్టిని మనుషులు వట్టి కాళ్లతో గంటల తరబడి తొక్కేవారు; లోపల గాలి బుడగ మిగిలితే మూస పగిలి ఉక్కంతా నిప్పుల పాలయ్యేది. ఇంత కష్టపడి చేసిన మూస ఇంచుమించు మూడు కరుగులకే పనికిరాకుండా పోయేది. కరిగిన లోహం పైన తేలే చిట్టెం మూస గోడను ఒక గీతగా తినేస్తుంది కాబట్టి, రెండోసారి సరుకు కొంచెం తగ్గించి, మూడోసారి ఇంకొంచెం తగ్గించి పోసేవారు. తిన్న చోటే మళ్లీ తినకుండా గీత కిందికి దిగేది. ఒక్క పెంకు చేతికి దొరికినా, దాని మీది గీతలు లెక్కపెట్టి ఆ మూస ఎన్నిసార్లు పొయ్యి ఎక్కిందో చెప్పవచ్చు.

కొలుముల కింద బూడిద తీయడానికి నేలమాళిగలు ఉండేవి. పైన కట్టడాన్ని నేలమట్టం చేసినా, శిథిలాలతో పూడ్చిన ఆ మాళిగలు అలాగే మిగులుతాయి. కొత్త భవనాలు లేవక ముందు పురావస్తు బృందాలు తెరిచి చూసేవి వాటినే. ఇంగ్లండులో 1990 నుంచి ఇటువంటి పరిశీలన ఖర్చు సాధారణంగా ఆ స్థలంలో కట్టేవారిదే.

పైకప్పు పోతుంది, గోడ పోతుంది, నేల కింద ఉన్నది ఉంటుంది. నేల కింద ఉన్నదీ పోయేది పునాది గుంతలు తవ్విన రోజునే.

మా పట్టణంలో ఒక పల్లినూనె మిల్లును కూల్చినప్పుడు నేను వెళ్లేసరికి గోడలు లేవు. నూనె ఇంకి నల్లబడిన బండల నడుమ ఇంజను దిమ్మె, దానిలో తుప్పుపట్టిన నాలుగు బోల్టులు మాత్రం ఉన్నాయి. మరునాటికి జేసీబీ వాటినీ ఎత్తిపోసింది. అందుచేత మిల్లు స్థలం కొన్నవారిని నేను అడిగేది ఒక్కటే: గోడలు తీశాక నాలుగు రోజులు ఆగండి. నేలను చీపురుతో ఊడ్పించి, పక్కన కొలత టేపు పరచి, నలువైపుల నుంచీ ఫోటోలు తీయించండి. జిల్లాలో పురావస్తు శాఖ వారికి ఒక కబురు పంపండి. అన్నిటికంటే ముందు, ఆ మిల్లులో పనిచేసిన మనిషి ఒకరు బతికి ఉంటే పిలిపించి ఆ నేల మీద నడవనివ్వండి.

ఆనాడు అటువంటి పెద్దాయన ఒకరు నా పక్కనే నిలబడి ఉన్నారు. గోడ లేని చోట ఒక్క క్షణం ఆగి, అలవాటు కొద్దీ తల వంచి, లేని ఇంజను బెల్టు కింది నుంచి దాటుకొని అవతలికి వెళ్లారు.