గార్డియన్ ఉంటేనే ఖాతానా?

నిర్వాహకురాలు: అమ్మా, మీ అబ్బాయి జీతం ఖాతా సంగతితోనే మొదలుపెడదాం.

తల్లి: వాడికి 26 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది. పొట్లాలు కట్టే పని చేసి నెలనెలా జీతం తెచ్చుకుంటున్నాడు. ఖాతా తెరవడానికి బ్యాంకుకు వెళితే, వాడి తరఫున నిర్ణయాలు తీసుకునే గార్డియన్ ఉన్నట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. వాడిని ఒక్క మాట అడగలేదు. తన పేరు రాయడం ఆరు నెలలు కష్టపడి నేర్చుకున్నాడండీ. చివరికి నేనే గార్డియన్‌గా సర్టిఫికెట్ తెచ్చి, అన్ని కాగితాల మీదా సంతకం పెట్టాను.

నిర్వాహకురాలు: సార్, చట్టం అలాగే అడగమంటోందా?

న్యాయవాది: 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ ఇలాంటి వారికి గార్డియన్‌ను నియమిస్తుంది. కానీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక పరిస్థితి మారాలి. తమ డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు వారికి అందరితో సమానంగా ఉందని 13వ సెక్షన్ చెబుతోంది. 14వ సెక్షన్ ప్రకారం గార్డియన్ అధికారం పరిమితం. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే. అదీ గార్డియన్, ఆ వ్యక్తి ఇద్దరూ కలిసి, ఆ వ్యక్తి ఇష్టప్రకారం. వేరే చట్టాల కింద నియమితులైన గార్డియన్లు కూడా పరిమిత గార్డియన్లుగానే పని చేయాలి. అమ్మా, మీకూ ఇదే వర్తిస్తుంది.

తల్లి: సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు. కానీ సార్, ఎవరైనా మాయమాటలు చెప్పి వాడి డబ్బు కాజేస్తే?

న్యాయవాది: మీ భయం నిజమైనదే, కొట్టిపారేయను. అయితే సంరక్షణ పేరుతోనూ అన్యాయం జరుగుతుంది. చండీగఢ్‌లో ప్రభుత్వ గృహంలో ఉంటున్న, మేధో వైకల్యం ఉన్న యువతిపై అత్యాచారం జరిగిందన్న ఆరోపణ వచ్చింది. ఆమె గర్భవతి. బిడ్డ కావాలని ఆమె అంటున్నా, గర్భస్రావానికి హైకోర్టు ఆదేశించింది. 2009లో సుప్రీంకోర్టు ఆమె మాటకే విలువ ఇచ్చింది. అంత పెద్ద విషయంలో ఆమె ఇష్టం చెల్లినప్పుడు, పాస్‌బుక్ విషయంలో మీవాడి ఇష్టం ఎందుకు చెల్లకూడదు?

నిర్వాహకురాలు: అడ్డు ఇంకా ఎక్కడుంది?

న్యాయవాది: 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో. స్థిమితమైన బుద్ధి లేనివారి ఒప్పందం చెల్లదని అది అంటోంది. సాయం తీసుకుని నిర్ణయించుకునే మనిషికి అందులో చోటే లేదు. ఆ చట్టాన్నీ, నేషనల్ ట్రస్ట్ చట్టాన్నీ 2016 చట్టానికి తగినట్టు సవరించాలి.

తల్లి: బ్యాంకు ఫారం కూడా మార్చమనండి సార్. అందులో గార్డియన్ పేరుకు గడి ఉంది. పక్కన ఉండి సాయం చేసేవారి పేరుకు లేదు. వాడు సంతకం పెట్టే చోటు చాలాసేపు వెతికాడు.