ఒంటరి ధ్రువం ఎటు పోయింది?

(సైన్స్ దినోత్సవం నాడు నల్లగొండలో ఇంటర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మేం చదివిన రోజుల్లో అయస్కాంత పాఠం దండాయస్కాంతంతో మొదలయ్యేది. రెండు కొసల్లో రెండు ధ్రువాలు, వాటి మధ్య బలానికి 1785 నాటి కూలుంబ్ సూత్రం. క్షేత్రం అంటే? 'ఏకాంక ఉత్తర ధ్రువాన్ని అక్కడ ఉంచితే దానిమీద పనిచేసే బలం' అని బట్టీ పట్టేవాళ్లం. తమాషా ఏంటంటే, ఆ ఒంటరి ధ్రువం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకూ రెండు ధ్రువాలుంటాయి. లేనిదాంతో కొలిచి మార్కులు తెచ్చుకున్నాం!

మీ పాఠం కరెంటుతో మొదలవుతుంది. పదో తరగతిలో 1820 నాటి ఓయర్‌స్టెడ్ ప్రయోగం (కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం), ఇంటర్‌లో కదిలే విద్యుదావేశం మీద బలం. దండాయస్కాంతం ఆ తర్వాతే, అదీ సోలినాయిడ్‌కు, అంటే కరెంటు పారే పొడవాటి తీగచుట్టకు, తమ్ముడిలా. బోరు మోటర్ కాలితే వైండింగ్ షాపుకు వెళ్లి చూడండి. లోపలంతా రాగి తీగే, అయస్కాంతం ముక్క ఒక్కటీ ఉండదు. కరెంటు ఇస్తేనే అది అయస్కాంతం.

మొదలు మారితే బొమ్మా మారింది. మా బలరేఖలు ఉత్తర ధ్రువం దగ్గర పుట్టి దక్షిణ ధ్రువం దగ్గర ఆగిపోయేవి. మీవి అయస్కాంతం లోపల దక్షిణం నుంచి ఉత్తరానికి సాగి వలయాలవుతాయి. అట్లాగని మా బొమ్మ తప్పని తేల్చేయకండి. మా లెక్కంతా 'హెచ్'తో (అయస్కాంత క్షేత్ర తీవ్రత) నడిచేది, మీది 'బి'తో (అయస్కాంత అభివాహ సాంద్రత). బయట గాలిలో రెండింటి దిశా ఒకటే. లోపలికి వెళ్తేనే ఎదురుబొదురవుతాయి. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు, నేను పాఠం చెప్పడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు. యూనిట్ల గొడవ సరేసరి: 'బి'ని కొలిచే పాత యూనిట్ గాస్, కొత్తది టెస్లా; పది వేల గాస్‌లు ఒక టెస్లా.

కొత్త పద్ధతే నయం. కానీ తటస్థ బిందువు ప్రయోగం వెనకబడిపోయిందని నాకు బాధ. డ్రాయింగ్ షీటు మధ్యలో అయస్కాంతం, దాని ఉత్తర ధ్రువం ఉత్తరానికి. దిక్సూచి ముల్లు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, ముందు చుక్క మీదికి తోక వచ్చేలా జరుపుతూ పోవాలి. తూర్పున ఒకచోట, పడమరన ఒకచోట ముల్లుకు దిక్కు తోచదు, ఎటు తిప్పితే అటు ఆగుతుంది. అక్కడ భూమి క్షేత్రం, అయస్కాంతం క్షేత్రం సరిసమానమై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. (మా ల్యాబ్‌లో ఇనుప కాళ్ల బల్ల మీద చేసి, రెండు రోజులు తప్పు చోట వెతికాం.)

వెనక చెక్క బల్లల మీద షీట్లు, దిక్సూచులు పెట్టించాను. ఫోన్లలో స్పీకర్ అయస్కాంతం ఉంటుంది, వాటిని ఇక్కడే వదిలి రండి.