పాలిపోయిన ఫైబర్ బోటుకు మళ్ళీ నిగనిగ

ఇదిగో, నా బొటనవేలు దగ్గరగా చూడండి. ఈ నీలం బోటు పక్కన ఒక్కసారి గట్టిగా రుద్దాను, అంతే. వేలికి అంటుకున్నది దుమ్ము కాదు. పొద్దున్నే సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టిన బోటు ఇది. బ్లాక్‌బోర్డు తుడిచిన డస్టర్‌ని తడితే రాలే సుద్ద ఉంటుంది చూశారా, అచ్చం అలాంటి పొడి, కాస్త నీలం కలిసింది. బోటు పైపొరే ఇలా పొడిపొడిగా రాలిపోతోంది.

నమస్కారం అండి. చాలామంది నన్ను అడిగే మాట ఒకటుంది. "మంచి వ్యాక్స్ తెచ్చి బోటంతా రాశాం, రెండు రోజులు మెరిసింది, నెల తిరిగేసరికి మళ్ళీ తెల్లబడింది. వ్యాక్స్ నకిలీదా?" అని. వ్యాక్స్ మంచిదే అయ్యుంటుందండి. మీరు దాన్ని ఈ సుద్ద మీద రాశారు. సుద్ద రాలినప్పుడు దాంతోపాటే వ్యాక్స్ కూడా రాలిపోయింది.

అసలు ఈ మెరుపు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఫైబర్ బోటుని బయటి నుంచి లోపలికి తయారుచేస్తారు. ముందు అద్దంలా పాలిష్ చేసిన అచ్చు ఉంటుంది. బోటు అంటుకుపోకుండా దానికి వ్యాక్స్ పట్టిస్తారు. ఆ అచ్చులో మొట్టమొదట పడేది రంగు కలిపిన రెజిన్, అంటే ఆరితే గట్టిపడే చిక్కటి జిగురు లాంటిది. దీన్నే జెల్‌కోట్ అంటారు. అది గట్టిపడ్డాక దాని వెనక గాజు నార పరుస్తూ, రెజిన్‌తో తడుపుతూ పొర మీద పొర వేస్తారు. చివరికి అచ్చులోంచి బయటికి తీస్తే, అచ్చుకున్న నునుపంతా జెల్‌కోట్ మీదికి వచ్చేసి ఉంటుంది. కొత్త బోటు మెరుపంటే ఆ నునుపే. దాని మీద ఎవరూ ఏదీ పూయలేదు.

ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఏళ్ళ తరబడి పడి ఈ రెజిన్‌ని విరగ్గొడతాయి. పైన కంటికి ఆనని గుంటలు పడతాయి. నున్నటి చోట వెలుగు తిన్నగా తిరిగొస్తుంది, గుంటల మీద పడితే చెల్లాచెదురవుతుంది. మనకది తెల్లగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఎరుపు, నీలం లాంటి ముదురు రంగుల్లో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. తెల్ల బోటుకీ ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ వేలు పెట్టి చూస్తేనే బయటపడుతుంది.

ఇప్పుడు ఈ తడిగుడ్డతో ఒకసారి తుడుస్తాను. చూశారా! ఎంత ముదురు నీలమో! కొత్త బోటులా ఉంది కదా. నీళ్ళు ఆ గుంటల్లో నిండి పైభాగం చదునైంది, అందుకే రంగు బయటికొచ్చింది. ఆరగానే... అదిగో, మళ్ళీ తెల్లబడిపోయింది. సుద్ద మీద రాసిన వ్యాక్స్ చేసేదీ ఇదే, ఇంకొన్నాళ్ళు ఎక్కువ ఆగుతుంది, అంతే. కానీ ఈ తడి పరీక్ష నాకు చాలా ఇష్టం. తడిపినప్పుడు కనిపించిన రంగే, పని పూర్తయ్యాక మీకు దక్కే రంగు. అది చూశాక చేతులు నొప్పి పెడుతున్నా పని ఆపబుద్ధి కాదు.

పని మొదలుపెట్టేముందు ఒక కొలత గుర్తుపెట్టుకోండి. జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరు. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పైపొర, అంటే క్లియర్ కోట్‌తో పోలిస్తే ఇది దాదాపు పది రెట్లు, అందుకే చాలామంది ధైర్యంగా అరగదీసేస్తారు. కానీ ఇది మళ్ళీ పెరిగేది కాదు. మెరుపు తెచ్చిన ప్రతిసారీ ఇందులోంచి కొంత పోతుంది. కాబట్టి ఏ బోటుకైనా మొదట అన్నిటికన్నా తేలికైన మందు వేసి చూడాలి. అది పనిచేయకపోతేనే తర్వాతి మెట్టు ఎక్కాలి.

కడగడం గురించి ఎక్కువ చెప్పను. ఉప్పు, మట్టి, పక్షుల రెట్టలు అన్నీ పోవాలి. నీటిమట్టం దగ్గర పసుపుపచ్చ గీత, తుప్పు మరకలు ఉంటే ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న క్లీనర్‌తో తీసేయండి, గ్లౌజులు వేసుకుని. వాటిని రుద్ది వదిలించాలని చూస్తే అనవసరంగా పొర అరుగుతుంది. ఆ తర్వాత పాత వ్యాక్స్‌ని వ్యాక్స్ తీసే ద్రావకంతో తుడవాలి. గుడ్డని మాటిమాటికీ తిప్పండి, లేకపోతే ఒకచోటి వ్యాక్స్ ఇంకోచోట పూసినట్టవుతుంది. నీళ్ళు చల్లితే బొట్లుబొట్లుగా నిలవకుండా పరుచుకుపోవాలి, అప్పుడు వ్యాక్స్ పోయినట్టు లెక్క. నీటి అడుగున ఉండే భాగానికి నాచు పట్టకుండా వేసే రంగు ఉంటుంది కదా, దాని జోలికి పోవద్దు. దాని పొడి విషం, ఆ పని వేరు.

ఇక్కడ మాస్కింగ్ టేప్‌తో మూడు చిన్న గళ్ళు కట్టాను. ఒక్కోటి మీ అరచేయంత. మొదటి గడిలో మామూలు పాలిష్, చేత్తో. రెండో గడిలో రబ్బింగ్ కాంపౌండ్, అంటే పాలిష్ కన్నా గరుకుగా ఉండి పైపొరని అరగదీసే పేస్ట్. మూడోది అవసరమైతే వాటర్ పేపర్‌కి. మొదటి గడి చూడండి, పొడి పోయింది కానీ రంగు ఇంకా మబ్బుగానే ఉంది. రెండోది... తల కాస్త పక్కకి వంచి చూడండి, నా వేళ్ళ నీడ అందులో కనిపిస్తోంది, అంచులు కూడా స్పష్టంగా ఉన్నాయి. చాలు. ఈ బోటుకి కాంపౌండ్ సరిపోతుంది. మూడో గడిని ముట్టుకోవాల్సిన పనే లేదు, నాకు చాలా సంతోషంగా ఉంది.

మీ బోటుకి కాంపౌండ్ కూడా చాలకపోతే అప్పుడు వాటర్ పేపర్. దాని మీద ఉండే నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 1000తో మొదలుపెట్టి 1500, తర్వాత 2000. మరీ పాడైతేనే 800. పేపర్ ఎప్పుడూ తడిగా, కింద చదునైన రబ్బరు దిమ్మ పెట్టి. వేళ్ళతో నొక్కితే వేళ్ళ వరసలే గుంటలుగా పడతాయి. ప్రతి పేపర్‌కీ దిశ మార్చండి, ఒకటి అడ్డంగా అయితే రెండోది నిలువుగా. ముందు పేపర్ పెట్టిన గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇక ప్యాడ్‌ని గుండ్రంగా తిప్పే పాలిషింగ్ మెషిన్. బోటు నీడలో ఉండాలి, ముట్టుకుంటే చల్లగా ఉండాలి. ఎండలో కాంపౌండ్ క్షణాల్లో ఎండి పట్టేస్తుంది. వూల్ ప్యాడ్ బిగించి, రెండడుగుల చదరంలో కాంపౌండ్ చుక్కలు పెట్టి, ముందు నెమ్మదిగా పరచండి. తర్వాత వేగం నిమిషానికి 1,200 నుంచి 1,800 చుట్లలోపు. మెషిన్ బరువే చాలు, మీరు పైనుంచి నొక్కక్కర్లేదు. ఒక బాటలో సగం మీదికి ఇంకో బాట వచ్చేలా పోనివ్వండి. అప్పుడప్పుడు ఆపి అరచేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి ఆనించి ఉంచలేకపోతున్నారంటే ఆ చోటు వదిలి పక్కకి వెళ్ళండి. ప్యాడ్ నిండా పేస్ట్ పేరుకుపోతే అరగదీయదు, వేడెక్కిస్తుంది. గట్టి బ్రష్‌తో దాన్ని దులుపుతూ ఉండాలి.

అంచుల దగ్గర మాత్రం నా మాట వినండి. మొదట్లో నేను ఒక బోటు అంచు మీద మెషిన్‌ని ఒక్క క్షణం ఎక్కువ నిలిపాను. రంగు లేతబడింది, ఇంకో క్షణానికి కింద గాజు నార అల్లిక కనిపించింది. మూడు వేళ్ళ వెడల్పు. ఆ చోట జెల్‌కోట్ మళ్ళీ వేసి రంగు కలపడానికి రెండు రోజులు పట్టింది, అయినా సాయంత్రం ఏటవాలు ఎండలో ఆ మచ్చ కనిపిస్తూనే ఉండేది. ఆ బోటు యజమాని ఏమీ అనలేదు. నాకే మనసు కుదుటపడలేదు. అప్పటినుంచి అంచులన్నిటికీ టేప్ వేస్తాను. ప్యాడ్ తిరుగుతూ అంచు మీదికి ఎక్కేలా కాకుండా, అంచు నుంచి బయటికి జారేలా మెషిన్ పట్టుకుంటాను. అంచుల్ని చివర్లో చేత్తో రుద్దుతాను. రంగు పలచబడి కింద నార ఆనవాలు కనిపిస్తే అక్కడితో ఆపేయాల్సిందే.

సాలెగూడులాంటి సన్నటి పగుళ్ళు ఉంటే రుద్దితే పోవు. పైగా కాంపౌండ్ అందులో ఇరుక్కుని ఇంకా తెల్లగా కనిపిస్తాయి. వాటిని ముందే రిపేర్ చేయించాలి.

కాంపౌండ్ అయ్యాక టార్చి లైట్ పక్కనుంచి వేసి చూడండి. ఇవిగో, సుడులు తిరిగిన సన్నగీతలు. ముదురు రంగు బోటుకి ఇవి ఎండలో బాగా కనిపిస్తాయి. ఫోమ్ ప్యాడ్ మార్చి సన్నటి పాలిష్‌తో ఇంకో చుట్టు తిరిగితే పోతాయి. ఈ చుట్టు మాత్రం వదిలేయకండి.

ఇప్పుడు వ్యాక్స్. పలచగా ఒక పొర, ఆరాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఇంకో పలచటి పొర. మందంగా రాస్తే తుడవడం కష్టం, అదనంగా వచ్చే లాభం లేదు. ఇది మెరుపు తెచ్చేది కాదు, తెచ్చిన మెరుపుకి గొడుగు పట్టేది. బోటు ఎండలోనే ఉంటే ఏడాదికి రెండుసార్లైనా మళ్ళీ రాయాలి. నీళ్ళు బొట్లుగా నిలవడం మానేసిందంటే టైమ్ వచ్చినట్టే.

మాస్క్, కళ్ళద్దాలు తప్పనిసరి. మెషిన్ వైరు నీళ్ళలో పడకుండా చూసుకోండి. కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే బ్రేకర్ ఉన్న ప్లగ్‌కే కలపండి. బోటు నీళ్ళలో తేలుతుండగా కరెంటు మెషిన్‌తో ఈ పని అసలు చేయొద్దు.

సరే, అంచుకి వేసిన ఈ టేప్ లాగేస్తున్నాను. ఇటు చూడండి, ఈ పక్క నా మొహం, వెనక ఆకాశం, అన్నీ కనిపిస్తున్నాయి. టేప్ కింద ఉన్న ఈ అంగుళం వెడల్పు గీత ఒక్కటే ఇంకా సుద్దలా ఉంది. దీనికి మెషిన్ వద్దు. గుడ్డకి కొంచెం కాంపౌండ్ అద్దుకుని చేత్తోనే పూర్తి చేస్తాను.